అల్యూమినియం హెడ్డు, బోరు నీళ్లు: కూలెంట్ సంగతి తేల్చండి

విభాగం: బండ్లు, మరమ్మతులు

నాగావళి_గట్టు · శ్రీకాకుళం · ఆదివారం ఉదయం 9:12

అందరికీ నమస్కారం. కిందటేడు నరసన్నపేట వైపు ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో పెట్రోల్ కారు తీసుకున్నాను. ఇంజను బ్లాకూ (సిలిండర్లుండే అడుగు భాగం), దాని మీది హెడ్డూ రెండూ అల్యూమినియమే. ఈమధ్య ఏసీ వేసుకుని సింహద్వారం దాటి రణస్థలం దాకా వెళ్తే చాలు, టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతోంది. రిజర్వాయర్ డబ్బాలో నీళ్లు కూడా తగ్గుతున్నాయి. థర్మోస్టాట్ (ఇంజను వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే కవాటం) పట్టేసి ఉంటుందని మెకానిక్ విప్పాడు. థర్మోస్టాట్ బాగానే ఉంది. దాని మీదుండే హౌసింగ్ మాత్రం బాగాలేదు.

హోస్ పైపు లాగగానే మూతి చుట్టూ తెల్లటి పొడి రాలింది. స్క్రూడ్రైవర్‌తో గీకితే పొర పొరగా ఊడింది. లోపల లోహం ఎలుక కొరికిన కొబ్బరి చిప్ప అంచులా ఉంది. క్లిప్పు బిగించే చోట ఒక పక్క వేలితో నొక్కితే విరిగిపోయేంత పలచబడిపోయింది. కారు అమ్మినాయనకి ఫోన్ చేసి అడిగితే, ‘మా పెరట్లో బోరు నీళ్లే పోసేవాళ్లం, ఎప్పుడూ ఏమీ కాలేదు’ అన్నారు.

మెకానిక్ మాటేమిటంటే, హౌసింగ్ మార్చి మళ్లీ నీళ్లే పోసేద్దాం, కూలెంట్ (రేడియేటర్ నీళ్లలో కలిపే రంగు ద్రవం) కశ్మీర్ వాళ్లకి, మనకెందుకు అని. ఇంకో షాపులో కూలెంట్ లేకపోతే ఇంజను పోతుందని టెన్షన్ పెట్టారు. ఎవరి మాట వినాలి? పోయాల్సి వస్తే ఏ రంగుది? కలపడానికి ఏ నీళ్లు? హెడ్డు కూడా విప్పి చూడాలా?

హైవే_పదహారు · టెక్కలి · 9:40

మీ మెకానిక్ చెప్పిందే కరెక్టు. మా నాన్నగారి డీజిల్ అంబాసిడర్ జీవితమంతా చెరువు నీళ్ల మీదే నడిచింది. మా బావ కారు కూడా నీళ్లతోనే లక్ష కిలోమీటర్లు తిరిగింది. మన దగ్గర గడ్డకట్టే చలి ఎక్కడుంది మాస్టారూ? ఇదంతా డబ్బా అమ్ముకునేవాళ్ల ప్రచారం.

లోహం_మాస్టారు · విజయనగరం · 11:05

టెక్కలి అబ్బాయికి ముందు చిన్న సవరణ. పాత అంబాసిడర్ బి.ఎం.సి. ఇంజనులో బ్లాకూ, హెడ్డూ పోత ఇనుము. రేడియేటర్ రాగి, ఇత్తడి. దాని లెక్క వేరు, ఈ కారు లెక్క వేరు. చెరువు నీళ్లకి ఆ ఇనుము ఎర్రగా తుప్పు పట్టేది, అయినా గోడలు మందంగా ఉండేవి కాబట్టి బండి నడిచిపోయేది.

అల్యూమినియం తుప్పు పట్టదని మనకో నమ్మకం. నిజానికి అది చాలా చురుకైన లోహం. గాలి తగిలిన మరుక్షణం పైన ఆక్సైడ్ పొర ఒకటి కట్టుకుంటుంది. దాని మందం నానోమీటర్ల లెక్క, అయినా కాపలా అంతా దానిదే. సుమారుగా పి.హెచ్. 4 నుంచి 8.5 దాకా ఆ పొర నిలబడుతుంది. నీరు మరీ ఆమ్లంగా మారినా, మరీ క్షారంగా మారినా కరిగిపోతుంది. ఇనుము అలా కాదు, క్షారం కొంచెం ఎక్కువుంటేనే దానికి హాయి. ఇంజనులో ఈ రెండింటితో పాటు స్టీలు, రాగి, ఇత్తడి, టంకం కూడా ఒకే నీళ్లలో మునిగి ఉండవచ్చు. వీటన్నిటినీ ఒకేసారి మెప్పించడానికే కూలెంట్‌లో మందులు కలుపుతారు. చలికి గడ్డకట్టకుండా ఆపడం అందులో ఒక పని మాత్రమే, అది మనకి అక్కర్లేదు. మిగతా పనులన్నీ మనకి కావాలి.

ఇప్పుడు బోరు నీళ్లు. వాటిలోని క్లోరైడ్, అంటే ఉప్పులో ఉండేదే, ఆక్సైడ్ పొర బలహీనంగా ఉన్నచోట చొరబడి సన్నని గుంట తవ్వుతుంది. ఒకసారి గుంట పడిందా, దాని అడుగున నీరు ఇంకా ఆమ్లంగా మారి లోతుకే పోతుంది తప్ప పక్కకి విస్తరించదు. అందుకే మొత్తం భాగం బాగానే కనిపిస్తూ ఒక్కచోట చిల్లు పడుతుంది. మీ హౌసింగ్ సరిగ్గా హోస్ కింద తినేయడానికి కారణం కూడా చెబుతాను. రబ్బరుకీ లోహానికీ మధ్య ఇరుకు సందులో నీరు కదలదు, ఆక్సిజన్ అందదు, దెబ్బతిన్న పొర మళ్లీ కట్టుకోలేదు. మూతులు ముందు పోయేది అందుకే.

ఇక ముల్లు పైకి పోవడం. బోరు నీళ్లు వేడెక్కితే వాటిలోని బైకార్బొనేట్లు విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా గార కడతాయి. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున కనిపించేది అదే. ఇంజనులో ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే అది ఎక్కువ పేరుకుంటుంది. వేడి బయటికి పోయే దారికే అడ్డం పడుతుంది.

లేత్_బాబ్జీ · బొబ్బిలి · మధ్యాహ్నం 1:20

మాస్టారు పుస్తకంలోది చెప్పారు, నేను బల్ల మీదికి వచ్చేది చెబుతాను.

అల్యూమినియం హెడ్డు ఫేసింగ్‌కి, అంటే అడుగు ముఖం కోసి చదును చేయడానికి, వస్తే ముందు నీటి కంతలు చూస్తాను. గాస్కెట్ (బ్లాకుకీ హెడ్డుకీ మధ్య పెట్టే పలక) రంధ్రానికీ హెడ్డు రంధ్రానికీ మధ్య కొంచెం తేడా ఉంటుంది కదా, ఆ గట్టు దగ్గర తినడం మొదలవుతుంది. కూలెంట్ సరిగ్గా మార్చిన బండి హెడ్డు కడిగితే కంత అంచు గుండ్రంగా, పదునుగా కనిపిస్తుంది. నీళ్లతో నడిచిన బండిది ఆకారం తప్పి ఫైర్ రింగ్ (గాస్కెట్‌లో సిలిండర్ చుట్టూ ఉండే లోహపు రింగు) వైపు పాకుతూ వస్తుంది. మధ్యలో ఉన్న లోహం రెండు మూడు మిల్లీమీటర్లకి వచ్చిందంటే ఇక రోజులు దగ్గర పడినట్టే. గాస్కెట్‌కి ఆనుకునే చోటు లేకుండా పోతుంది. కంప్రెషన్, అంటే సిలిండర్‌లోని ఒత్తిడి గాలి, నీళ్లలోకి వస్తుంది, నీళ్లు సిలిండర్‌లోకి పోతాయి.

గుంట పైపైన ఉంటే ఫేసింగ్‌తో పోతుంది. కానీ హెడ్డు నుంచి ఎంత కోయవచ్చో దానికీ హద్దుంది. లోతుగా ఉంటే ఆర్గాన్ వెల్డింగ్ పెట్టి నింపి మళ్లీ కోయాలి. తిన్న లోహం మీద వెల్డింగ్ నిలవడం చాలా కష్టం, లోపలి మురికి ఉడికి బుడగలు వస్తాయి. అందుకే నేను చాలాసార్లు ‘వేరే హెడ్డు చూసుకోండి బాబూ’ అనే చెబుతాను. నా పని పోయినా సరే.

మీరు హెడ్డు ఇప్పుడే విప్పకండి. ఆయిల్ డిప్‌స్టిక్ పాల రంగులో లేకపోతే, సైలెన్సర్ నుంచి వేడెక్కాక కూడా తెల్లపొగ రాకపోతే, డబ్బాలో బుడగలు పొంగకపోతే దాన్ని కదపనక్కర్లేదు. రేడియేటర్ మూత దగ్గర ప్రెషర్ టెస్టర్ తగిలించి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూపించుకోండి, చాలు.

ఒక్కమాట. థర్మోస్టాట్ తీసి పారేస్తానంటే ఒప్పుకోకండి.

పలాస_జీడి · పలాస · 3:02

మంచి చర్చ. మావి జీడి ఫ్యాక్టరీ పనులు, జనరేటర్ లేకపోతే బతుకు లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత కరెంటు లేక చుట్టుపక్కల జనరేటర్లు రాత్రీ పగలూ ఆడాయి. అప్పుడు ఎవరికి ఏ నీళ్లు దొరికితే అవే రేడియేటర్లో పోశారు. ఆ తర్వాత చాలామందికి వాటర్ పంపులు కారడం మొదలైంది. లోపల నీళ్లు తోసే ఇంపెల్లర్ రెక్కలు సగానికి అరిగిపోయి బయటికి వచ్చాయి.

నా ప్రశ్న ఇది: ఇరవై లీటర్ల ఆర్వో టిన్ను నీళ్లు వాడొచ్చా? ఏసీ నుంచి కారే నీళ్లు పడితే ఎలా ఉంటుంది? వాన నీళ్లు?

కొలత_గ్లాసు · పైడిభీమవరం · 4:31

ఫార్మా కంపెనీ ల్యాబ్‌లో నీళ్లు పరీక్షించడమే నా ఉద్యోగం కాబట్టి ఈ ప్రశ్న నాకు వదిలేయండి.

భారీ యంత్రాలు చేసే క్యాటర్‌పిల్లర్ వాళ్లు కూలింగ్ సిస్టమ్‌లో పోసే నీటికి కనీస హద్దులు పెట్టారు. లీటరుకి క్లోరైడ్ 40 మిల్లీగ్రాములు, సల్ఫేట్ 100, మొత్తం కాఠిన్యం 170, కరిగిన ఘనపదార్థాలు 340 మించకూడదు. పి.హెచ్. 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. ఇప్పుడు మన తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 చూడండి. క్లోరైడ్ 250 దాకా ఫర్వాలేదు, వేరే నీరు దొరక్కపోతే 1,000 దాకా అనుమతి. కాఠిన్యం 200, తప్పకపోతే 600. టి.డి.ఎస్., అంటే కరిగిన ఘనపదార్థాలు, 500, తప్పకపోతే 2,000. అంటే మనిషి తాగి హాయిగా ఉండగలిగిన నీరు ఇంజనుకి పనికిరాకపోవచ్చు. ‘మేం తాగే నీళ్లేగా పోశాం’ అనే వాదన ఇక్కడ చెల్లదు.

మూడు వందల రూపాయల టి.డి.ఎస్. మీటరు చాలామంది ఇళ్లలో ఉంటుంది. అది విద్యుత్ వాహకతని కొలిచి అంకె చూపిస్తుంది, అంతే. అందులో క్లోరైడ్ ఎంతో చెప్పదు. సముద్రం పక్క ఊళ్లలో 400 చూపిస్తే అందులో ఉప్పు వాటా ఎక్కువుండొచ్చు. మెట్ట ఊళ్లలో అదే 400 చూపిస్తే సున్నం వాటా ఎక్కువుండొచ్చు. మొదటిది చిల్లు పెడుతుంది, రెండోది గార కడుతుంది.

ఆర్వో నీరు బోరు నీటి కన్నా చాలా నయం, కానీ ప్లాంటు వాడు మెంబ్రేన్ (వడపోత పొర) మార్చాడో లేదో, రుచి కోసం మళ్లీ మామూలు నీళ్లు కలుపుతున్నాడో మీకు తెలియదు. మీటరు పెట్టి చూసి తక్కువుంటే అవసరానికి వాడండి. ఏసీ నీటిలో లవణాలు తక్కువే, కానీ రాగి, అల్యూమినియం కాయిల్ మీద దుమ్ము, పాచి కడుక్కుంటూ వస్తుంది. రాగి అణువు అల్యూమినియం మీద వాలితే అక్కడే చిన్న బ్యాటరీ తయారై గుంట పడుతుంది. నేనైతే వాడను. వాన నీళ్ల మాటెందుకు, మేడ మీద సిమెంటు కడుక్కుని వచ్చేవే కదా. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ లీటరు పాతిక, ముప్ఫై రూపాయలకి దొరుకుతుంది. కారుకి కావలసింది రెండు మూడు లీటర్లు. ఇందులో పొదుపు ఏముంది?

డ్యూటీ_డాక్టర్_కాదు · ఆమదాలవలస · 5:15

‘ఏసీ నీళ్లు అమృతం’ అని వీడియోలు చేసేవాళ్లంతా ఇటు రావాలి.

ఆర్15_కుర్రోడు · విజయనగరం · రాత్రి 8:47

అన్నలూ, నాది లిక్విడ్ కూల్డ్ బైకు. డబ్బాలో ఆకుపచ్చ కూలెంట్ ఉంది, తగ్గింది. కోట జంక్షన్ దగ్గర షాపులో ఎర్రది ఉంది. ‘ఏదైనా ఒకటే, రంగు తేడా అంతే’ అంటున్నాడు. పోసేయనా?

కొలత_గ్లాసు · 9:10

ఆగు తమ్ముడూ. రంగు కేవలం రంగే, ఆ మాట నిజం. అది ఏ కంపెనీకి ఆ కంపెనీ వేసుకునే అద్దకం. కానీ దానర్థం లోపల మందు ఒకటే అని కాదు, రంగు చూసి ఏమీ చెప్పలేమని.

పాతకాలపు రకంలో సిలికేట్లు, ఫాస్ఫేట్లు, బోరేట్లు వంటి లవణాలుంటాయి. అవి లోపల ఉన్న ప్రతి గోడకీ పూత పూస్తాయి, త్వరగా పని చేస్తాయి, త్వరగా ఖర్చవుతాయి. రెండేళ్లకి మార్చాలి. తర్వాత వచ్చిన ఆర్గానిక్ యాసిడ్ రకం, ఓ.ఎ.టి. అంటారు, తుప్పు మొదలయ్యే చోటే వెళ్లి అంటుకుంటుంది. కాబట్టి మెల్లగా ఖర్చవుతుంది, చాలావాటికి ఐదేళ్లు రాస్తారు. ఈ రెండూ కలిపిన హైబ్రిడ్ రకాలున్నాయి. అందులోనూ జపాన్ వాళ్లది ఒక దారి, యూరప్ వాళ్లది ఒక దారి. సిలికేట్ వాటర్ పంపు సీలుని అరగదీస్తుందని జపాన్ కంపెనీలు దాన్ని వదిలి ఫాస్ఫేట్ పట్టుకున్నాయి. తమ దగ్గర నీటిలో సున్నం ఎక్కువ, ఫాస్ఫేట్ కలిస్తే గార పడుతుందని యూరప్ వాళ్లు ఫాస్ఫేట్ వదిలి సిలికేట్ పట్టుకున్నారు.

దీనిలో మనకో పాఠం ఉంది. జపాన్ రకం ఫాస్ఫేట్ కూలెంట్ కాన్సంట్రేట్ (నీళ్లు కలపని చిక్కటిది) కొని మన బోరు నీళ్లలో కలిపితే కాల్షియం ఫాస్ఫేట్ గార మన చేతులతో మనమే తయారు చేసుకున్నట్టు. ‘మంచి కూలెంటే పోశాను, అయినా రేడియేటర్ మూసుకుపోయింది’ అనేవాళ్లలో కొందరి కథ ఇదే.

రెండు రకాలు కలిపితే వెంటనే ఇంజను పగిలిపోదు. కొన్ని జతలు జిగురుగా మారతాయి. ఎక్కువగా జరిగేది మందు బలం తగ్గి, గడువు లెక్క తప్పిపోవడం. నీ మాన్యువల్‌లో ఏది రాసుందో అదే కొను. డబ్బా మీద మన ప్రమాణం ఐ.ఎస్. 5759 గానీ జపాన్ ప్రమాణం జె.ఐ.ఎస్. కె 2234 గానీ ఉందా చూడు. లీటరు కొలతలో విడిగా, లేబులు లేకుండా అమ్మేది ముట్టుకోకు. అది రంగు నీళ్లు కూడా కావచ్చు.

హైవే_పదహారు · 9:58

ఇన్ని పరీక్షలు, ఇన్ని అంకెలు. ఆ కంపెనీల పరీక్షలు మన నీళ్లతో చేశారా? ఏదో దేశంలో స్వచ్ఛమైన నీళ్లతో చేసి ఉంటారు.

కొలత_గ్లాసు · 10:20

మంచి ప్రశ్న అడిగారు, ఇది చాలామందికి తెలియదు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎ.ఎస్.టి.ఎం. వాళ్లది డి1384 అని గాజు పాత్రలో చేసే పరీక్ష ఉంది. రాగి, టంకం, ఇత్తడి, స్టీలు, పోత ఇనుము, పోత అల్యూమినియం ముక్కలు ఒక కట్టగా కట్టి, గాలి ఊదుతూ 88 డిగ్రీల వేడిలో 336 గంటలు నానబెడతారు. కూలెంట్ మూడో వంతే ఉంటుంది. మిగతా నీటిలో క్లోరైడ్, సల్ఫేట్, బైకార్బొనేట్ ఒక్కొక్కటి 100 పి.పి.ఎం. (సుమారు లీటరుకి 100 మిల్లీగ్రాములు) చొప్పున కావాలనే కలుపుతారు. అంత చెడ్డ నీళ్లలో కూడా అల్యూమినియం ముక్క బరువు 30 మిల్లీగ్రాములకి మించి తగ్గకూడదు. వేడి హెడ్డు గోడలాంటి పరిస్థితికి డి4340 అని అల్యూమినియానికే ప్రత్యేకంగా ఇంకో పరీక్ష ఉంది.

అంటే కూలెంట్‌కి కొంత ఓపిక ఇచ్చే పంపిస్తారు. ఆ ఓపికని మొదటి రోజే బోరు నీళ్లతో ఖర్చు చేయకండి అంటున్నాను, అంతే.

సాలూరు_లారీ · సాలూరు · సోమవారం ఉదయం 6:05

ఏటి బాబూ, కార్ల గురించేనా, మా గురించి ఒక్కరూ మాట్లాడరేటి? విజయనగరం నుంచి కోరాపుట్ వైపు పోయే 26వ నంబరు హైవే మీద సాలూరు దాటాక సుంకి ఘాట్ ఎక్కి చూడండి. లోడు బండి రెండో గేరులో మూలుగుతా ఎక్కుతుంటే ముల్లు ఎక్కడుంటాదో అప్పుడు తెలుస్తాది.

మా ఇంజన్లలో బాధ వేరే. వెట్ లైనర్లు, అంటే నీళ్లు నేరుగా లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) బయటి గోడకే తగులుతాయి. పిస్టన్ కొట్టే దెబ్బకి లైనర్ అదురుతాది. అదిరినప్పుడల్లా గోడ పక్కన చిన్న ఆవిరి బుడగలు పుట్టి పగులుతాయి. ఆ పగిలే దెబ్బకి ఇనుము గుంటలు పడి ఒకరోజు చిల్లు. ఆయిల్లో నీళ్లు. దానికే పెద్ద ఇంజన్ల కూలెంట్‌లో నైట్రైట్ మందు వేస్తారని మా ఫోర్‌మన్ చెప్పేవాడు. కారు కూలెంట్ లారీకి, లారీ కూలెంట్ కారుకి పోయొద్దనేవాడు. మాస్టారూ, అది నిజమేనా?

ఇంకోటి. ఘాట్‌లో హోస్ పగిలితే కూలెంట్ ఎవడిస్తాడు? వాగు నీళ్లు పోయక తప్పదు కదా.

లోహం_మాస్టారు · 8:30

మీ ఫోర్‌మన్ గారు ఘటికులు. ఆయన మాట నిజమే. నైట్రైట్ ఇనుప లైనర్‌ని కాపాడుతుంది. కానీ అల్యూమినియం రేడియేటర్ ఉంటే, దానితో చర్య జరిపి అమ్మోనియాగా మారే అవకాశం ఉంది. అప్పుడు పి.హెచ్. పైకి పోతుంది, పైన చెప్పిన ఆక్సైడ్ పొర కరుగుతుంది. అందుకే కొత్త లారీలకి నైట్రైట్ లేని రకాలు కూడా వచ్చాయి. మీ బండికి ఏది రాశారో చూసుకోండి. అలవాటు మీద పోయకండి.

వాగు నీళ్ల విషయం: ఇంజను మాడిపోవడం కన్నా వాగు నీళ్లు వెయ్యి రెట్లు మేలు. సందేహించకుండా పోయండి, ఇంజను చల్లారాక మాత్రమే. ఇంటికి రాగానే దింపేసి కడిగి కొత్తది నింపండి. చెడు చేసేది ఒక్క పూట పోసిన నీరు కాదు. ఏడాదిపాటు అలాగే వదిలేసిన నీరు.

మెట్ట_రైతు · గజపతినగరం · 12:44

మా ట్రాక్టర్ రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు పోశాం. ఆగిపోయింది. మీరంతా అంకెలు చెబుతున్నారు, పసుపు ముందు ఏ మందూ చాలదు.

లేత్_బాబ్జీ · 1:30

పసుపు కారడం ఆపుతుంది, కాదనను. పిండి ఉబ్బి సన్న చిల్లులో ఇరుక్కుంటుంది. అయితే దానికి ఏది చిల్లో ఏది గొట్టమో తెలియదు కదండీ. పాత ట్రాక్టర్ రాగి రేడియేటర్ గొట్టాలు వెడల్పు, తట్టుకుంటాయి. ఇప్పటి కార్ల అల్యూమినియం రేడియేటర్‌లో గొట్టాలు చాలా సన్నం. పసుపు పోసిన రేడియేటర్ అడుగు ట్యాంకు విప్పితే ఆవపెట్టిన కూర గుర్తొస్తుంది నాకు. అడవి మధ్యలో చిక్కుకుంటే పోసుకోండి, షెడ్డుకి చేరాక పూర్తిగా కడిగించండి.

దీనికన్నా ప్రమాదం ఇంకోటుంది. రేడియేటర్ గార పోవాలని కాస్టిక్ సోడా, బాత్రూమ్ యాసిడ్ పోసేవాళ్లున్నారు. అల్యూమినియం ముక్క మీద కాస్టిక్ నీళ్లు వేసి చూడండి, బుసబుసా పొంగుతుంది. అలా పోయేది మీ రేడియేటరే. యాసిడ్ అయితే క్లోరైడ్‌ని మనమే లోపల పెట్టినట్టు. గార ఎక్కువుంటే అల్యూమినియానికి పనికొస్తుందని స్పష్టంగా రాసిన ఫ్లష్ (లోపల కడిగే మందు) మాత్రమే వాడండి. తర్వాత నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి.

తీగల_బాబు · చీపురుపల్లి · 3:18

ఆటో ఎలక్ట్రీషియన్‌ని. ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. కొన్ని బండ్లలో కూలెంట్ ఎంత మంచిది పోసినా రేడియేటర్‌కి ఏడాదికోసారి చిల్లు పడుతుంది. చూస్తే ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉంటుంది, లేదా ఎవరో కొత్త ఫ్యాను, హారన్ తగిలించి ఎర్త్‌ని రేడియేటర్ బోల్టుకి బిగించి ఉంటారు. అప్పుడు కరెంటు ఇంటికి పోయే దారి లేక కూలెంట్ గుండా పోతుంది. పోతూ పోతూ అల్యూమినియాన్ని కరిగించుకుపోతుంది.

చూసుకోవడం తేలిక. ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయండి. మల్టీమీటర్ డి.సి. వోల్టులో పెట్టి నెగటివ్ పిన్ను బ్యాటరీ నెగటివ్‌కి, పాజిటివ్ పిన్ను కూలెంట్‌లో ముంచండి, లోహానికి తగలకూడదు. తర్వాత బండి స్టార్ట్ చేసి లైట్లు, ఫ్యాను, ఏసీ ఒక్కొక్కటే వేయండి. 0.1 వోల్టు లోపుంటే బాధ లేదు. ఏదైనా వేయగానే అంకె ఎగిరిందా, దాని ఎర్త్ వెతకండి.

భావనపాడు_అల · భావనపాడు · 6:50

మా బోటు మోటార్లకి కూలెంటే లేదు, సముద్రం నీళ్లే లాక్కుని వదులుతుంది. కొలత గ్లాసు గారు 40 అన్నారు కదా, సముద్రంలో క్లోరైడ్ లీటరుకి ఎంతుంటుంది? మా మోటారు కూడా అల్యూమినియమే మరి, అదెలా బతుకుతోంది?

కొలత_గ్లాసు · 7:25

సుమారు 19,000 మిల్లీగ్రాములు! మీ మోటారు కింద జింకు దిమ్మ ఒకటి బిగించి ఉంటుంది చూడండి. అల్యూమినియానికి బదులు అది కరిగిపోతూ ఉంటుంది. సగం అరగగానే మార్చాలి. దానికి రంగు వేయకూడదు, వేస్తే పని చేయదు. ఒడ్డుకి రాగానే మంచినీళ్లతో మోటారు కాసేపు ఆడించి ఉప్పు కడిగేయాలి. కారు లోపల ఆ దిమ్మ లేదు, అక్కడ ఆ పని మందే చేయాలి.

నాగావళి_గట్టు · బుధవారం రాత్రి 9:05

అందరికీ చాలా థాంక్స్. పని పూర్తయింది.

కొత్త హౌసింగ్, కొత్త హోసులు, కొత్త రేడియేటర్ మూత. పాత మూత స్ప్రింగ్ వదులైపోయింది. ఒత్తిడి నిలవక, నీళ్లు త్వరగా మరుగుతున్నాయని మెకానిక్ ఒప్పుకున్నాడు. అల్యూమినియానికి పనికొచ్చే ఫ్లష్ పోసి కడిగి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాం. కిందికి దిగే నీళ్లకి టి.డి.ఎస్. మీటరు పెట్టి చూశాను, అంకె తగ్గుతూ వచ్చి నిలిచేదాకా ఆపలేదు. బాబ్జీ గారు మెసేజ్‌లో చెప్పిన చిట్కా ఒకటి ఇక్కడ రాయాలి. ఎంత దింపినా బ్లాకులో కొంత నీరు మిగిలిపోతుంది, దాని మీద రెడీమేడ్ కూలెంట్ పోస్తే పలచబడుతుంది. అందుకని మాన్యువల్‌లో రాసిన మొత్తం కెపాసిటీలో సగం కాన్సంట్రేట్ ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపాం. హీటర్ ఫుల్లుగా పెట్టి ఫ్యాను తిరిగేదాకా ఇంజను ఆడించి గాలి తీశాం.

తీగల బాబు గారి పరీక్షలో 0.04 వచ్చింది. ఫ్యాను వేసినా ఏసీ వేసినా కదల్లేదు. ఈరోజు రణస్థలం వెళ్లి వచ్చాను, ముల్లు సగం దగ్గరే నిలబడింది. ఆయిల్ శుభ్రంగా ఉంది కాబట్టి హెడ్డు జోలికి పోలేదు.

దింపిన పాత నీళ్లు, కడిగిన నీళ్లు బకెట్లలో ఉన్నాయి. కాలవలో పోసేయనా?

లోహం_మాస్టారు · 9:30

కాలవలో వద్దు. మీ పాత నీళ్లలో గ్లైకాల్ (కూలెంట్‌లోని ముఖ్య ద్రవం) లేకపోవచ్చు, కానీ ముందు ముందు దింపేవాటిలో తప్పకుండా ఉంటుంది. ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ ఆవులూ నాకుతాయి. ఒంట్లోకి వెళ్లాక అది ఆక్సాలిక్ ఆమ్లంగా మారి కిడ్నీలని పాడు చేస్తుంది. కిడ్నీ జబ్బు అంటే ఏమిటో ఉద్దానం ఉన్న మీ శ్రీకాకుళం జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మూతున్న క్యాన్‌లో పట్టి, పాత ఆయిల్ తీసుకునే పెద్ద వర్క్‌షాపు ఏదైనా తీసుకుంటుందేమో అడగండి. పిల్లలున్న ఇంట్లో కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం పోసి పెట్టకండి.

ఆర్15_కుర్రోడు · 9:41

మాన్యువల్‌లో రాసిందే ఆర్డర్ పెట్టాను అన్నా. పాతది మొత్తం దింపే పోస్తా.

కొలత_గ్లాసు · 10:02

మంచిది తమ్ముడూ. నాగావళి గారూ, డబ్బా మీద పోసిన నెల, సంవత్సరం మార్కర్‌తో రాయండి. రిఫ్రాక్టోమీటర్ పెట్టి ‘ఇంకా బాగుంది’ అని ఎవరైనా అంటే నమ్మకండి. అది గ్లైకాల్ ఎంతుందో చూపిస్తుంది, మందు ఎంత మిగిలిందో చూపించదు. గ్లైకాల్ కూడా వేడికీ గాలికీ మెల్లగా ఆమ్లంగా మారుతుంది. కాబట్టి గడువు ప్రకారం మార్చడమే.

హైవే_పదహారు · గురువారం ఉదయం 7:15

సరే, ఒప్పుకోను గానీ ఒకసారి చూస్తే పోయేదేముంది. మా బావ కారు హౌసింగ్ దగ్గర కూడా తెల్లగా ఏదో కనిపిస్తోందట. బాబ్జీ గారూ, ఆదివారం షాపు తీస్తారా?

లేత్_బాబ్జీ · 7:50

మధ్యాహ్నం దాకా ఉంటాను. టెక్కలి నుంచి వచ్చాక ఓ గంట పైన ఆగాలి, టీ తాగుదాం. వేడి మీద మూత నేను తీయను, మీ బావని తీయనివ్వను.